టేకు గట్టు పని మొదలుపెట్టే ముందు ఇది చదువు

బిడ్డా,

హన్మకొండ ఇంట్లో వంటింటి టేకు గట్టును పీకించకుండా నువ్వే బాగుచేసుకుంటానన్నావట, మీ అమ్మ చెప్పింది. కరీంనగర్ గ్రానైట్ పక్కనే దొరుకుతుంటే అందరూ రాయి వేయించుకుంటున్న రోజుల్లో చెక్కను కాపాడతానన్నావు చూడు, నా కడుపు నిండింది. వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది, అందుకే రాస్తున్నా.

ముందు సిలిండర్ బయట పెట్టు. జిడ్డంతా సబ్బునీళ్లతో తుడిచి బాగా ఆరనియ్యి. పసుపు మరకలకు బెంగపడకు, ఎండ తగిలితే ఆ రంగు దానంతటదే విరిగిపోతుంది.

సింకు పక్కన, ఇనుప పెనం పెట్టిన చోట ఉన్న నలుపు మాత్రం అలా పోదు. తడి ఇనుము చెక్కలో ఉండే టానిన్ అనే వగరు పదార్థంతో కలిస్తే వచ్చే మరక అది, లోపలిదాకా దిగుతుంది. ఆగ్జాలిక్ యాసిడ్ పొడి వేడినీళ్లలో కలిపి గట్టు మొత్తానికి పూయి, మరక మీదే పూస్తే అక్కడొక్కటే తెల్లగా తేలుతుంది. అది విషం బిడ్డా. గ్లవ్స్ వేసుకో, పిల్లోణ్ణి ఆ రోజు అమ్మ దగ్గర వదిలెయ్. బ్లీచింగ్ పౌడర్ దాంట్లో కలపనే కలపకు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. నీళ్లతో బాగా కడిగి ఆరాకే ఎమెరీ కాగితం పట్టు, 80 నంబరు గరుకుది ముందు, తర్వాత 120, ఆపైన నున్నటి 180, చెక్క గీతల వెంబడే.

ఆపైన గట్టుకు అవిసె నూనె పట్టిస్తావు కదా, ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఆ నూనె తుడిచిన గుడ్డలు.

వరంగల్‌లో నేను పని నేర్చుకునే రోజుల్లో, మే నెలలో, పెళ్లి మంచానికి అవిసె నూనె పట్టించాం. మా పెద్దమేస్త్రి తుడిచిన గుడ్డలన్నీ ఉండచుట్టి పొట్టు మూలన పడేసి షెడ్డుకు తాళం వేశాడు. తెల్లారేసరికి మంచం తలాపున చెక్కిన నెమలి సగం బొగ్గు, మిగతా సగం ఇంకా నూనెతో మెరుస్తోంది. కాపలా ముసలాయన బీడీ వల్లేనని అందరూ తీర్మానించారు. నేను కాల్చలేదు కొడుకా అని ఆయన మొత్తుకున్నా వినలేదు, పనిలోంచి తీసేశారు. ఆ నూనె ఆరేటప్పుడు గాలి పీల్చుకుని వేడెక్కుతుందని, గుడ్డలు కుప్పగా ఉంటే ఆ వేడి పోయే దారిలేక దానంతటదే అంటుకుంటుందని ఏండ్ల తర్వాత ఒక నూనె డబ్బా మీద రాసింది చదివితే గానీ మాకు తెలియలేదు. అప్పటికి ఆయన చనిపోయాడు.

కాబట్టి ఒక్కో గుడ్డనూ విప్పి బయట తీగ మీద విడివిడిగా ఆరెయ్యి. బిరుసెక్కాకే పారెయ్. అలసిపోయాను, పొద్దున చూద్దాంలే అని మూల పడేశావో, నేనే వచ్చి తిడతా! నువ్వలా చేసే దానివేనని తెలిసే ఇంతలా చెబుతున్నా, చిన్నప్పుడు తడి బట్టలు కూడా మంచం కిందే తోసేదానివి.

నూనె 'బాయిల్డ్' అని రాసింది తేకు, త్వరగా ఆరడానికి అందులో లోహాల మందులు కలుపుతారు. పచ్చిది తెచ్చుకో. పల్చగా పూసి, పావుగంటకు మిగిలిందంతా తుడిచెయ్. ఒక్కో పూత ఆరడానికి చాలా రోజులు పడుతుంది, చేతికి అంటుకుంటున్నంత వరకు రెండో పూత వెయ్యకు. లక్క పాలిష్ జోలికి పోకు, వేడి గిన్నె పెట్టగానే తెల్లమచ్చ పడుతుంది.

నా గీకుడు రేకు అమ్మతో పంపుతున్నా. అంచు పదునుగా ఉంది, గుడ్డ చుట్టిన వైపే పట్టుకో.

మీ పెద్దబాపు