పెరటి తొట్టెలో కోయి పిల్లలు: ఏ వయసులో దేన్ని చూసి ఏరాలి?

ప్రశ్న: మా పెరట్లోని 3000 లీటర్ల సిమెంటు తొట్టెలో కోయి అనే రంగుల అలంకార చేపలను పెంచుతున్నాను. ఒక కొహాకు (తెలుపు మీద ఎరుపు మచ్చల రకం) తల్లిచేపకు రెండు సాంకే (ఎరుపుతోపాటు నల్ల మచ్చలు కూడా ఉండే రకం) మగచేపలను జతచేసి గుడ్లు పెట్టించాను. ఇప్పుడు పిల్లల వయసు 6 వారాలు. లెక్కపెట్టలేదు కాని 2000కు తగ్గవు. కొన్ని పిల్లలు మిగిలినవాటికి రెండు మూడింతలు పెరిగి చిన్నవాటిని మింగుతున్నాయి. తెల్లవారుజామున చాలా పిల్లలు నీటి పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి, రోజూ పది పదిహేను చనిపోతున్నాయి. అన్నింటినీ పెంచలేనని తెలుసు కాని, ఏది మంచి పిల్లో తేల్చుకోలేకపోతున్నాను. ఎప్పుడు, ఎలా ఏరాలి? రంగు పెంచే మేత ఇప్పుడే మొదలుపెట్టవచ్చా?

జవాబు: మీరు చివరగా అడిగిన రంగుల సంగతికి ముందు, తెల్లవారుజామున పిల్లలు నీటి పైకి రావడం గురించి చెప్పాలి, ఎందుకంటే ఆ పని రేపటికి వాయిదా వేయదగింది కాదు. పగలు నాచు విడుదల చేసే ప్రాణవాయువుతో తొట్టె నిండుగా కనిపించినా, చీకటి పడ్డాక అదే నాచు, పిల్లలు, అడుగున చేరిన మేత, మలం అన్నీ కలిసి ఆ ప్రాణవాయువును వాడుకుంటాయి కాబట్టి సూర్యోదయానికి ముందు అది అట్టడుగుకు పడిపోతుంది. ఈ రోజు సాయంత్రపు మేత ఆపండి, నీటిలోకి గాలి ఊదే ఏరేటరును రాత్రంతా నడపండి, తొట్టె నీటిలో ఐదో వంతు తీసి కొత్త నీరు పెట్టండి. అది కుళాయి నీరైతే క్లోరిన్ పోగొట్టకుండా పోయకూడదు; సోడియం థయోసల్ఫేట్ అందుకు సరిపోతుంది. మలం, మిగిలిన మేత నుంచి పుట్టే విషాలైన అమ్మోనియా, నైట్రైట్, నీటి ఆమ్ల క్షార స్థాయిని చూపే పీహెచ్ మూడూ పరీక్షించండి. ఆకుపచ్చని నీటిలో మధ్యాహ్నం పీహెచ్ బాగా పెరుగుతుంది, పీహెచ్ పెరిగేకొద్దీ, నీరు వేడెక్కేకొద్దీ అమ్మోనియాలో విషభాగం ఎక్కువవుతుంది కాబట్టి పరీక్ష ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చేయడం అవసరం. నైట్రైట్ కనిపిస్తే 1000 లీటర్లకు 3 కిలోల చొప్పున ఉప్పును ఒక్కసారిగా కాక రెండు రోజుల్లో విడతలుగా కరిగించి కలపండి.

ఈ మరణాలకు మందు వెతకవలసిన అవసరం ఇంకా రాలేదని నా అభిప్రాయం. 3000 లీటర్లలో 2000 పిల్లలు ఉండడమే అసలు జబ్బు, ఏరివేతే దానికి మొదటి చికిత్స. అందమైన చేపలను దక్కించుకోవడానికి చేసే పనిగానే చాలామంది ఏరివేతను చూస్తారు కాని, తీసివేసిన ప్రతి పిల్లా మిగిలినదానికి నీటిని, గాలిని, మేతను వదిలిపెడుతుందన్నది అంతకంటే ముఖ్యమైన విషయం. ఆలస్యం చేస్తే మీరు ఏరవలసింది ఇరుకే ఏరుతుంది, అది రంగును చూసి ఏరదు.

ఇన్ని పిల్లల్లో మంచివి ఎందుకు కొన్నే ఉంటాయన్నదానికి కారణం ఈ చేప పుట్టుకలోనే ఉంది. కోయి వేరే చేప కాదు, చెరువుల్లో పెంచే బంగారు తీగ కుటుంబానిదే. జపాన్‌లోని నీగాతా ప్రాంతపు కొండపల్లెల్లో వరి రైతులు ఆహారం కోసం పెంచుకున్న చేపల్లో అప్పుడప్పుడు కనిపించిన రంగు పిల్లలను వేరుచేసి, వాటినే మళ్ళీ జతచేస్తూ వచ్చారు. 1914లో టోక్యోలో జరిగిన ప్రదర్శనతో అవి బయటి లోకానికి తెలిశాయి. ఇన్ని తరాల ఎంపిక జరిగినా రంగు మచ్చల అమరిక తల్లిదండ్రుల నుంచి పిల్లలకు అచ్చుగుద్దినట్టు దిగదు. బహుమతి పొందిన జంటకు పుట్టినవాటిలోనూ తెల్లటివి, పూర్తిగా ఎర్రటివి, మచ్చలు చెదిరినవి ఎక్కువగా ఉంటాయి. కిలో బరువున్న తల్లిచేప సుమారు లక్ష గుడ్లు పెడుతుంది, వృత్తిగా పెంచేవారు చివరకు ఉంచుకునేది నూటికి కొన్ని పిల్లలనే. అందువల్ల ఎక్కువ పిల్లలను తీసివేయవలసి రావడాన్ని మీ పెంపకంలోని లోపంగా భావించకండి.

మొదటి ఏరివేతను ఈ వారంలోనే పూర్తి చేయండి. ముందురోజు మేత పెట్టకండి, ఎండ ముదరకముందే మొదలుపెట్టండి. మెత్తని వలతో పిల్లలను ఒక పక్కకు చేర్చి, వలతో పైకెత్తకుండా గిన్నెతో నీటితోపాటు ముంచి, అదే తొట్టె నీరు పోసిన తెల్లని లేదా లేత నీలం బేసినులోకి తీసుకోవాలి. కోయిని చూసేది పైనుంచే కనుక బేసిన్‌లోనే ప్రధాన పరీక్ష జరుగుతుంది. అయితే నోరు, మొప్ప మూతలు పక్కనుంచి చూస్తేనే సరిగా తెలుస్తాయి కాబట్టి అనుమానం కలిగినదాన్ని గాజు పాత్రలో వేసి చూడండి. ఒక విడతకు ముప్పై నలభై పిల్లలకు మించి పెట్టుకోకండి, గంటకొకసారి విరామం తీసుకోండి. కన్ను అలసిపోయినప్పుడు ప్రతి పిల్లా బాగున్నట్టే అనిపిస్తుంది. ఎన్నో ఏళ్ళుగా ఈ పని చేస్తున్న నాకూ రెండో గంటలో ఉంచినవాటిని మర్నాడు తిరిగి చూసుకోవలసి వస్తూనే ఉంటుంది.

ఈ విడతలో చూడవలసింది ఒళ్ళు. వెన్ను వంగినవి, ఈదేటప్పుడు ఒక పక్కకు ఒరిగేవి, మొప్ప మూత పొట్టిగా ఉండి లోపలి ఎరుపు కనిపించేవి, నోరు పక్కకు తిరిగినవి, ఒక రొమ్ము రెక్క లేనివి లేదా కురచగా ఉన్నవి, ఒక కన్ను లేనివి అన్నీ రంగుతో నిమిత్తం లేకుండా పోవాలి. ఎంత చక్కని ఎరుపున్నా వంకర వెన్ను పెరిగేకొద్దీ మరింత కనబడుతుందే కాని సర్దుకోదు. మిగిలినవాటిని మింగుతున్న పెద్ద పిల్లలను జపాన్ పెంపకందారులు తోబి అంటారు. వాటి వేగం చూసి ముచ్చటపడి అదే తొట్టెలో ఉంచడం కొత్తవారు చేసే అతి పెద్ద పొరపాటు, ఎందుకంటే అవి మొదట తినేది మీరు ఇంకా చూడని పిల్లలనే. వాటిలో చాలావాటికి రంగు అంతంతమాత్రంగానే ఉంటుంది. ఒళ్ళు తీరుగా ఉండి, ఎరుపు తెలుపులు స్పష్టంగా విడివడిన తోబి కనిపిస్తే వేరే తొట్టెలోకి మార్చండి, తక్కినవాటిని తీసివేయండి.

రంగు విషయంలో ఈ వయసులో సులువుగా తేలేవి మాత్రమే తేల్చండి. ఎక్కడా ఎరుపు చుక్క లేకుండా పూర్తిగా తెల్లగా ఉన్న పిల్ల తర్వాత ఎర్రబడదు కాబట్టి తీసివేయవచ్చు. తల నుంచి తోక దాకా ఒకే ఎరుపుగా ఉన్నదాన్నీ తీసివేయవచ్చు కాని, పక్కల్లోనో తోక మొదట్లోనో తెలుపు తొంగిచూస్తుంటే రెండో విడత దాకా ఆపండి, ఎదిగేకొద్దీ ఎరుపు వెనక్కు తగ్గి తెలుపు బయటపడే అవకాశం ఉంది. ఒకటి రెండు పొలుసుల మేర మాత్రమే ఎరుపున్న పిల్లకు ఇందుకు వ్యతిరేకమైన గతి పడుతుంది, ఆ చిన్న మచ్చ ఏడాదిలోగా మాసిపోవచ్చు. మీ జంటలో మగచేపలు సాంకేలు కనుక కొన్ని పిల్లల తెలుపు మీద నీలి బూడిద రంగు మరకలు కనిపిస్తాయి. అది మురికీ కాదు, జబ్బూ కాదు, చర్మం కింద ఉన్న నలుపు. ఆ నలుపు ఒకసారి కనిపించి, నెలల తరబడి మునిగిపోయి, తిరిగి పైకి రావచ్చు కాబట్టి దాన్ని బట్టి ఇప్పుడే తీర్పు చెప్పకండి. మచ్చలు ఎంత అందంగా అమరాయో చూడడం ఈ విడతలో పూర్తిగా మానుకోండి.

ముందుముందు మీరు షోవా జంటను పెట్టదలిస్తే ఈ క్రమం పనికిరాదని గుర్తుంచుకోవాలి. ఎరుపు, నలుపు, తెలుపు కలిసిన ఆ రకం 1927లో రూపొందింది. దాని పిల్లలు గుడ్డులోనుంచి వచ్చేటప్పుడే కొన్ని నల్లగా, కొన్ని పాలిపోయిన పసుపుగా ఉంటాయి. నల్లవి మాత్రమే షోవాలవుతాయి కనుక వాటిని మొదటి వారంలోనే వేరుచేస్తారు, నెల తర్వాత ఆ తేడా అంత తేలికగా కనబడదు.

మొదటి విడత తర్వాత మీ తొట్టెలో 400కు మించి మిగలకూడదు. తీసివేయదగ్గ లోపం ఉన్నవాటితోనే ఆ సంఖ్యకు చేరుకోలేకపోతే మిగిలినవాటిలో బాగా బలహీనమైనవాటిని, పూర్తిగా వెనకబడ్డవాటిని కూడా తీయండి. రెండో ఏరివేత 10, 12 వారాల మధ్య, పిల్లలు బొటనవేలంత అయ్యాక చేయాలి. ఇప్పుడు చూడవలసింది చర్మం. తెలుపు పాలలాగా ఉందా, పసుపు జీర పడిందా అన్నది మొదట చూడండి, ఎందుకంటే మంచి తెలుపు లేని కొహాకుకు ఎంత ఎరుపున్నా అందం రాదు. తర్వాత ఎరుపు నాణ్యత చూడాలి. ఇంత చిన్న వయసులో ముదురు ఎరుపుతో మెరిసే పిల్ల మనసు లాగేస్తుంది కాని, అలా తొందరగా ముదిరిన రంగు తొందరగా చెదిరిపోవడం తరచుగా చూస్తాం. నారింజ ఛాయతో, పొలుసు పొలుసుకూ తేడా లేకుండా సమంగా పరచుకున్న ఎరుపు పిల్లతోపాటు చిక్కబడుతుంది. మచ్చ వెనక అంచు కత్తిరించినట్టు తేటగా ఉండాలి. మచ్చ ముందు అంచున తెల్ల పొలుసులు ఎరుపును కప్పడం వల్ల కొంత మసకగా కనబడడం సహజం, దాన్ని లోపంగా లెక్కించవద్దు. తల మీద ఎరుపు బొత్తిగా లేని కొహాకును, ఎరుపు కళ్ళమీదుగా ముక్కు దాకా దిగినదాన్ని, మచ్చలన్నీ ఒకే పక్కకు ఒరిగినదాన్ని ఈ విడతలో తీయవచ్చు. సాంకేలో తల మీద నలుపు ఉండకూడదన్నది కూడా ఇప్పుడే గమనించండి. ఈ ఏరివేత ముగిసేసరికి 150 పిల్లలు మిగిలితే మీ తొట్టెకు చాలు.

మూడోది 5, 6 నెలల వయసులో చేయాలి. అప్పటికి మచ్చల అమరికను చూసే అర్హత మన కంటికి వస్తుంది, చేపకూ వస్తుంది. భుజాలు వెడల్పుగా, తోక మొదలు బలంగా ఉన్న పిల్లకు మచ్చ కాస్త తేడాగా ఉన్నా సరే, సన్నని ఒంటిమీద చక్కని మచ్చలున్న పిల్లకంటే దాన్నే నేను ఉంచుతాను. ఇంకా బాగుపడుతుందన్న నమ్మకంతో ఆపుకునే పిల్లను జపాన్‌లో తతెగోయి అంటారు. అటువంటివాటిని ప్రతినెలా ఒకే వెలుతురులో, ఒకే బేసిన్‌లో పైనుంచి ఫోటో తీసి పెట్టుకోండి. రెండేళ్ళ ఫోటోలు పక్కపక్కన పెట్టి చూసుకున్నప్పుడు మీ జంట పిల్లల్లో ఏ ఎరుపు నిలుస్తుందో, ఏ నలుపు తిరిగి వస్తుందో మరెవరూ చెప్పలేనంత స్పష్టంగా తెలుస్తుంది. ఎదిగిన కోయి ఒక్కోదానికి కనీసం 1000 లీటర్ల నీరు కావాలన్నది నేను పాటించే లెక్క. దాని ప్రకారం ఈ తొట్టెలోనే జీవితాంతం ఉంచుకోగలిగేవి మూడే, తక్కినవాటికి పెద్ద కొలనున్నవారిని మీరు ముందే వెతుక్కోవాలి.

రంగు మేత ఇప్పుడు వద్దు. ఎరుపుకు మూలమైన కెరోటినాయిడ్లను చేప తన ఒంట్లో తయారుచేసుకోలేదు, మేత నుంచే తీసుకోవాలి కాబట్టి స్పిరులినా, రొయ్య పొట్టు కలిసిన మేతతో ఎరుపు పెరిగే మాట నిజం. కాని పిల్ల వయసులో అది మితిమీరితే తెలుపు మీద పసుపు దిగుతుంది, పైగా మేత ఇచ్చిన ఎరుపుకూ పుట్టుకతో వచ్చిన ఎరుపుకూ తేడా తెలియక మీ ఎంపిక తప్పుదారి పడుతుంది. మూడో ఏరివేత దాకా 40 నుంచి 45 శాతం మాంసకృత్తులున్న మెత్తని పొడి మేతనో, సన్నని గుళికలనో రోజుకు నాలుగైదు సార్లు, ఐదు నిమిషాల్లో తినేసేంత మాత్రమే వేయండి. దొరికితే డాఫ్నియా (నీటి ఈగ) వంటి బతికున్న మేత కూడా ఇవ్వండి. పిల్లలన్నీ దాదాపు ఒకే పరిమాణంలో ఉండి, మేత అన్నిటికీ అందితే ఒకదాన్నొకటి మింగడమూ తగ్గుతుంది.

తీసివేసిన పిల్లల గురించి మీరు అడగలేదు, అయినా చెప్పక తప్పదు. వాటిని వాగులోనో చెరువులోనో వదలడం దయగా కనిపిస్తుంది కాని, బంగారు తీగ అడుగు బురదను కెలికి నీటిని బురదమయం చేస్తుంది, నీటిమొక్కలను పెళ్ళగిస్తుంది, మీ తొట్టెలోని పరాన్నజీవులను అక్కడి చేపలకు చేరుస్తుంది. ఒంటి లోపం లేనివాటిని కొలను ఉన్నవారికి ఇవ్వండి. లోపం ఉన్నవాటికి బాధ లేని ముగింపు ఇవ్వాలంటే లీటరు నీటికి 10 చుక్కల లవంగ నూనె చాలు. ముందుగా చిన్న సీసాలో గోరువెచ్చని నీటితో బాగా గిలకొట్టి, ఆ తర్వాతే కలపాలి. మొప్పల కదలిక ఆగిన తర్వాత మరో 10 నిమిషాలు ఆ నీటిలోనే ఉంచాలి. గట్టున పడేయడం, ఐసు నీటిలో వేయడం వద్దు.

నీరు, సంఖ్య చక్కబడిన వారం తర్వాత కూడా మరణాలు ఆగకపోతే, లేదా పిల్లలు తొట్టె గోడలకు ఒళ్ళు రాసుకుంటుంటే, ఊహించి మందు పోయకుండా బతికున్న రెండు మూడు పిల్లలను చేపల రోగ పరీక్షాశాలకు పట్టుకెళ్ళి మొప్పలను, చర్మపు జిగురును సూక్ష్మదర్శినిలో చూపించండి. ట్రైకోడైనా, కోస్టియా అనే సూక్ష్మ పరాన్నజీవులు, మొప్ప పురుగులు ఒక్కోదానికి ఒక్కో చికిత్స ఉంటుంది. ఈ ఏడాది బయటి కోయిని ఈ తొట్టెలోకి తేకండి. కోయి హెర్పిస్ వైరస్‌కు మందు లేదు, 16 నుంచి 28 డిగ్రీల మధ్య నీటిలో అది విజృంభిస్తుంది, బతికి బయటపడిన చేప కూడా దాన్ని మోస్తూ ఉండవచ్చు. కొత్త చేప తేక తప్పకపోతే వేరే తొట్టెలో, వేరే వలతో నాలుగు వారాలు ఉంచి చూడండి.

వచ్చే ఋతువులో సగం ఏరివేతను గుడ్ల దశలోనే ముగించుకోవచ్చు. గుడ్లు అంటుకోవడానికి వేసిన నారకుచ్చుల్లో రెండు మాత్రమే ఉంచుకుని, మిగిలినవాటిని పిల్లలు బయటకు రాకముందే తీసి ఎండబెట్టండి. 20 డిగ్రీల నీటిలో గుడ్లు నాలుగు రోజులకు పొదుగుతాయి కాబట్టి ఈ పనికి మీకు రెండు రోజుల వ్యవధి ఉంటుంది. రెండో రోజుకు తెల్లబడినవి ఫలదీకరణ చెందని గుడ్లు. వాటికి పట్టిన బూజు పక్క గుడ్లకు పాకుతుంది కనుక, తెల్లనివి తక్కువగా ఉన్న కుచ్చులనే ఉంచుకోవాలి.