విజయవాడ నుంచి తిరుమలకు కాలినడక: మావారి బ్యాగ్ నాకు సరిపోతుందా?

ప్రశ్న: డిసెంబర్ చివర్లో మా కాలనీ వాళ్ళం పదిమందిమి విజయవాడ నుంచి తిరుమలకు నడిచి వెళ్తున్నాం. పదిహేను రోజుల్లో చేరాలని ప్లాన్. నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, బరువు 56 కిలోలు. మావారి 60 లీటర్ల ట్రెక్కింగ్ బ్యాగ్ ఇంట్లో ఖాళీగా ఉంది. అది సరిపోతుందా, కొత్తది కొనాలా? కొంటే ఎన్ని లీటర్లది?

జవాబు:

మీవారి బ్యాగ్ అటక మీదే ఉండనివ్వండి. ఎందుకో చెప్తాను.

మాది గుంటూరు, బ్రాడీపేట. శ్రీశైలానికి రెండుసార్లు, తిరుమలకు ఒకసారి నడిచాను. మొదటిసారి శ్రీశైలం వెళ్ళినప్పుడు నేను చేసిన తప్పే మీరిప్పుడు చేయబోతున్నారు. అప్పుడు నేను వేసుకున్నది మా అబ్బాయి హాస్టల్‌కి తీసుకెళ్ళిన బ్యాగ్. పెద్దది, గట్టిది, జిప్పులన్నీ బాగానే ఉన్నాయి. ఊరికే పడి ఉంది కదా, కొత్తది ఎందుకు దండగ అనుకున్నాను. శివరాత్రి ముందు, తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. నరసరావుపేట చేరేసరికి భుజాలు మంటలు. కోటప్పకొండ తిరునాళ్ళకు ప్రభలు కడుతుంటే మావాళ్ళంతా ఆగి చూస్తున్నారు, నేను మాత్రం బ్యాగ్ దించడానికి అరుగు ఎక్కడుందా అని వెతుక్కుంటున్నాను. రెండో రోజు సాయంత్రానికి కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కాయి. టీ గ్లాసు పట్టుకుంటే వేడి తెలుస్తోంది, పట్టు తెలియడం లేదు. ఆ రాత్రి వినుకొండలో మా తోటికోడలు నా జాకెట్టు భుజం పక్కకు జరిపి చూసి, "అక్కా, తోలు ఊడొచ్చింది" అంది.

మర్నాడు పొద్దున్నే సగం సామాను ఆర్టీసీ కార్గోలో ఇంటికి పంపేశాను. బరువు తగ్గింది కానీ నొప్పి అంతగా తగ్గలేదు. అప్పుడు వెలిగింది, బరువు సంగతి అలా ఉంచితే అసలు ఆ బ్యాగ్ నా వీపుకు కుట్టింది కాదని.

జాకెట్టు కుట్టించుకోవడానికి వెళ్తే టైలర్ "మీ ఎత్తెంతమ్మా" అని అడగడు, టేపు తీస్తాడు. బ్యాగ్‌కీ అంతే. ఎత్తు కాదు, లీటర్లు కాదు, ముందు వీపు పొడవు చూసుకోవాలి. తల ముందుకు వంచితే మెడ అడుగున వెనకవైపు ఒక ఎముక బొడిపెలా చేతికి తగులుతుంది. అది పై గుర్తు. తర్వాత పోట్లాటకి నిలబడ్డట్టు రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, తుంటి ఎముకల పై అంచు మీద వేళ్ళు ఆనించి, బొటనవేళ్ళు వెనక్కి పెట్టండి. ఆ రెండు బొటనవేళ్ళకూ మధ్య వెన్నెముక మీద పడే చోటు కింది గుర్తు. ఈ రెండు గుర్తుల మధ్య, వెన్ను వంపు వెంబడే టేపు పెట్టి ఇంకొకరి చేత కొలిపించుకోండి. ఎవరికి వాళ్ళు కొలుచుకుంటే తప్పుతుంది, నాకు రెండుసార్లు తప్పింది.

నాది పదహారున్నర అంగుళాలు వచ్చింది. మా తోటికోడలిది పద్దెనిమిది. నిలబడితే ఇద్దరం ఒకే ఎత్తు, పీటల మీద కూర్చుంటే మాత్రం తనే పొడుగ్గా కనిపిస్తుంది. ఆమె బ్యాగ్ నేను ఒక గంట వేసుకుని చూశాను. నడుం బెల్ట్ తుంటి ఎముక దాటి పిరుదుల మీదికి జారిపోయింది.

బెల్ట్ జారితే ఏమవుతుందో అర్థం కావాలంటే నీళ్ళ బిందె గుర్తు తెచ్చుకోండి. బిందెను చంకన పెట్టుకుంటే బరువంతా తుంటి ఎముక మీద కూర్చుంటుంది, చెయ్యి ఊరికే పడిపోకుండా పట్టుకుంటుందంతే. అదే బిందెను చేత్తో వేలాడదీసి వీధి చివరి వరకు మోయండి చూద్దాం. మంచి బ్యాగ్‌లో ఆ తుంటి పని నడుం బెల్ట్ చేస్తుంది, ఎక్కువ బరువు అదే మోస్తుంది. భుజం పట్టీలు బ్యాగ్ వెనక్కి వాలకుండా ఆపడానికి. వీపుకంటే పొడుగు బ్యాగ్ వేసుకుంటే బెల్ట్ దాని చోట కూర్చోదు, భారమంతా మళ్ళీ భుజాల మీదికే వస్తుంది. మీవారి బ్యాగ్‌తో నా భయం అదే. కొన్ని బ్యాగులకు వీపు పొడవు పైకీ కిందికీ జరుపుకునే ఏర్పాటు ఉంటుంది. మీదాంట్లో ఉంటే మీ కొలతకు దించి చూడండి. కానీ అప్పుడు కూడా 60 లీటర్లు వద్దంటాను. ఖాళీ ఉంటే నింపుతాం. పెళ్ళికి వెళ్ళేటప్పుడు సూట్‌కేస్ సంగతి మనకు తెలియనిదేం కాదు.

ఎన్ని లీటర్లంటే, సామానంతా మీరే మోసేటట్టయితే 30 నుంచి 40 మధ్య చాలు. పదిమంది వెళ్తున్నారు కాబట్టి సామానుకు ఆటోనో వ్యానో వెంట వస్తుందేమో ముందు కనుక్కోండి. వస్తుంటే 20 లీటర్ల చిన్న బ్యాగ్‌తో హాయిగా వెళ్ళిపోవచ్చు. బరువు విషయంలో చాలామంది నడిచేవాళ్ళు పాటించే లెక్క ఒంటి బరువులో పదో వంతు. మీకది ఐదున్నర కిలోలు. రెండు లీటర్ల నీళ్ళే రెండు కిలోలు తినేస్తాయి, కాబట్టి మిగతా సామానంతా మూడున్నర కిలోల్లో సర్దాలి. అసాధ్యం అనిపిస్తుంది కానీ, ఖాళీ బ్యాగే రెండు కిలోలు ఉండేది కొనకపోతే సాధ్యమే. నేను పాత పేపర్లు కొనే అతని స్ప్రింగ్ త్రాసుకు బ్యాగ్ తగిలించి తూచాను. అతను తూకం చెప్పి, "ఎంతకిస్తారమ్మా" అన్నాడు.

కొనేటప్పుడు ఇంటి నుంచి ఐదు కిలోల బియ్యం సంచి పట్టుకెళ్ళండి. నవ్వుకుంటారేమో, నవ్వుకోనివ్వండి. బీసెంట్ రోడ్డులో ఒక షాపులో నాకు చూపించిన బ్యాగ్ నిండా పేపర్లు కుక్కి ఉన్నాయి, చూడ్డానికి బుట్టబొమ్మలా ఉంది. నాకు చిన్న సైజు కావాలంటే "అన్నీ ఫ్రీ సైజేనమ్మా" అన్నాడు. పేపర్లు తీయించి బియ్యం వేసి వేసుకున్నాను. రెండు నిమిషాల్లో వెనక్కి లాగడం మొదలెట్టింది. దాని నడుం బెల్ట్ అంటే ఉత్త నాడా, లోపల స్పాంజే లేదు. అలాంటి నాడా బ్యాగ్ ఊగకుండా ఆపుతుందేమో కానీ బరువు మోయదు. చివరికి నేను కొన్నది స్పోర్ట్స్ సామాన్లు అమ్మే ఒక పెద్ద షోరూంలో. అక్కడ ఇరవై నిమిషాలు తిరిగి చూసినా ఎవరూ ఏమీ అనలేదు. ఏ బ్రాండ్ అని అడిగేవాళ్ళకు నేను పేరు చెప్పను. నా వీపుకు సరిపోయింది మీకు సరిపోవాలని లేదు.

వేసుకునే పద్ధతి కూడా ముఖ్యమే. ముందు పట్టీలన్నీ వదులు చేయండి. బ్యాగ్ తగిలించుకుని కాస్త ముందుకు వంగి, బెల్ట్ మధ్యభాగం తుంటి ఎముక పై అంచు మీద పడేలా జరిపి బిగించండి. బిగించాల్సింది బొడ్డు మీద కాదు, ఎముక మీద. తర్వాత నిటారుగా నిలబడి భుజం పట్టీలు లాగండి. అవి భుజం చుట్టూ అతుక్కోవాలి కానీ భుజాన్ని కిందికి నొక్కకూడదు. భుజం పైనుంచి బ్యాగ్ తలకట్టుకు వెళ్ళే చిన్న పట్టీలు ఉంటే ఆఖర్న కొంచెం లాగండి, బ్యాగ్ వీపుకు దగ్గరవుతుంది. ఛాతీ పట్టీ మెడ కింద అడ్డంగా చేతికి తగిలే ఎముకకు రెండు అంగుళాల కింద, ఊపిరి ఆడేంత వదులుగా. ఇంత చేశాక పట్టీకీ భుజానికీ మధ్య పైన ఖాళీ కనిపిస్తుంటే ఆ బ్యాగ్ మీకు పొడుగు. బెల్ట్ పొట్ట మీదికి ఎక్కుతుంటే పొట్టి.

ఇక మగవాళ్ళు ఎవరూ చెప్పని సంగతి ఒకటి. చీరలో నడిచేటట్టయితే లంగా బొందు ముడి, కుచ్చిళ్ళ దోపు సరిగ్గా బెల్ట్ కిందే పడతాయి. మొదటి రోజు తెలియదు. మూడో రోజుకు ఆ ముడి ఉన్నచోట రూపాయి బిళ్ళంత పుండు పడుతుంది. నేను తిరుమలకు వెళ్ళినప్పుడు పసుపు రంగు కాటన్ చుడీదారులు రెండు కుట్టించుకుని, ప్యాంటుకు బొందు బదులు మెత్తటి ఎలాస్టిక్ వేయించాను. చీరే కట్టాలంటే ముడి పక్కకు, ఎముక మీద పడని చోటికి జరపండి. భుజం పట్టీ కింద సేఫ్టీ పిన్ను పెట్టకండి. పెట్టి నెత్తురు చూశాను.

మీవాళ్ళలో ఎవరైనా ఇరుముడితో వస్తుంటే వాళ్ళకు బ్యాగ్ తలకంటే ఎత్తుగా ఉండకూడదు. మా గుంపులో ఒకాయన బ్యాగ్ పైమూత తల వెనక తగులుతుంటే మెడ ముందుకు పెట్టి నడిచాడు. ఇరుముడి జారిపోతుందేమోనని ఆయనకు దారంతా టెన్షనే.

సర్దడంలో బరువైనవి వీపుకు దగ్గరగా, నడిమధ్యలో పెట్టండి. దుప్పటి అడుగున, తినేవీ మందులూ పైన. నీళ్ళ సీసా బ్యాగ్ దించకుండా చేతికి అందకపోతే నీళ్ళు తాగడమే తగ్గించేస్తాం, ఆ సంగతి షాపులోనే చూసుకోండి. డిసెంబర్ అంటున్నారు కాబట్టి ఇంకో మాట: నెల్లూరు, గూడూరు, నాయుడుపేట వైపు ఈశాన్య రుతుపవనాల వానలు మన దగ్గరకంటే గట్టిగా పడతాయి. బ్యాగ్ పైన తొడిగే రెయిన్ కవర్ ఒక్కటే నమ్ముకోకండి, వీపు వైపు నుంచి నీళ్ళు దిగుతాయి. లోపల పెద్ద పాలిథిన్ కవర్ వేసి, అందులో బట్టలు పెట్టి మూతి మెలితిప్పండి. హైవే మీద చీకటితో నడక మొదలవుతుంది కనుక బ్యాగ్ వెనకా, ముందు భుజం పట్టీల మీదా రేడియం స్టిక్కర్ అంటించండి. రెయిన్ కవర్ వేస్తే వెనక స్టిక్కర్ కనిపించదు, దాని మీద కూడా ఒకటి.

బ్యాగ్ కొన్నాక బిల్లు దాచి, ఇంట్లో రెండు సాయంత్రాలు బరువుతో తిరగండి, నప్పకపోతే మార్చుకోవచ్చు. తర్వాత మీకు దగ్గర్లోనే మంచి పరీక్ష ఉంది, ఇంద్రకీలాద్రి గిరి ప్రదక్షిణ. ఏడెనిమిది కిలోమీటర్లు, పూర్తి బరువుతో ఒకసారి చుట్టి రండి. ఇంకోరోజు ప్రకాశం బ్యారేజీ దాటి మంగళగిరి దాకా నడిచి, పానకాల స్వామి మెట్లు ఎక్కండి. మెట్లు దిగేటప్పుడే బ్యాగ్ అసలు బుద్ధి బయటపడుతుంది, అటూ ఇటూ ఊగిందంటే నడుం దగ్గర వదులని అర్థం. విజయవాడ నుంచి తిరుమల సుమారు 400 కిలోమీటర్లు, పదిహేను రోజులంటే రోజుకు ఇరవై ఏడు. పదిహేను కిలోమీటర్లకు ఒరుసుకున్న పట్టీ ఇరవై ఏడుకు ఊరుకోదు.

అలిపిరి గురించి భయం పెట్టుకోకండి. నడిచి ఎక్కేవాళ్ళ సామాను కింద కౌంటర్లో తీసుకుని టీటీడీ వాళ్ళే ఉచితంగా కొండ మీదికి చేరుస్తారు. 3,550 మెట్లూ ఖాళీ వీపుతో ఎక్కొచ్చు. ఫోన్, డబ్బులు, ఆధార్ మాత్రం చిన్న పర్సులో విడిగా మీ దగ్గరే ఉంచుకోండి.

ఒక్క స్పేర్ బకిల్ కొనుక్కోండి, నడుం బెల్ట్‌ది. వెడల్పు బ్యాగ్‌కో రకంగా ఉంటుంది, బ్యాగ్ చేతిలో పెట్టుకుని వెళ్ళి సరిచూసుకోండి. రెండోసారి శ్రీశైలం వెళ్తూ యర్రగొండపాలెంలో ఒక సత్రంలో పడుకున్నాం. కరెంటు లేదు. చీకట్లో బయటికి వెళ్ళొచ్చిన ఒకావిడ కాలు నా బెల్ట్ మీద పడింది, టక్‌మని చప్పుడు. పొద్దున చూస్తే బకిల్ రెండు ముక్కలు. చెప్పులు కుట్టే పెద్దాయన పాత స్కూల్ బ్యాగ్ నుంచి ఒకటి కోసి, దారానికి మైనం రాసి కుట్టిపెట్టాడు. దోర్నాల అడవి దాటి శిఖరం దాకా అదే నిలిచింది. అప్పటి నుంచి పడుకునే ముందు బెల్ట్‌ను వెనక్కి తిప్పి బ్యాగ్ చుట్టూ బిగించి, తల వైపు గోడకు ఆనించి పెడుతున్నాను.