చెన్నై పెరంబూరులో బడి గోడ మీద పిల్లలతో బొమ్మ వేయించాలంటే

రెండు వీధుల కుర్రాళ్ళకు పడటం లేదు, మధ్యనున్న కార్పొరేషన్ బడి ప్రహరీ (30 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు) మీద పదిహేను మంది పిల్లలతో శాంతి గురించి బొమ్మ వేయించాలి, ఏ రంగులు కొనాలి అని అడిగారు. రంగుల సంగతి చెబుతాను. కానీ దానికంటే ముందు గోడను చూడండి. చెన్నైలో ఇలాంటి బొమ్మలు పాడయ్యేది ఎక్కువగా చెమ్మ వల్లే.

పొడవు, వెడల్పు ఒకటిన్నర అడుగు ఉన్న ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి ఒక రోజు వదిలేయండి. తీసినప్పుడు లోపలివైపు నీటి చుక్కలుంటే గోడలో చెమ్మ ఉన్నట్టే. కొళాయి కారుతోందా, వెనక మట్టి గోడకు ఆనుకుని ఉందా చూసి, అది సరిచేయకుండా ముందుకు వెళ్ళకండి. తెల్లగా ఉప్పు పూసి ఉంటే ఇనుప బ్రష్‌తో పొడిగానే రాలగొట్టాలి. కడిగితే ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. తర్వాత అరచేత్తో గోడను రుద్దండి. చేతికి సున్నం అంటితే అది పూర్తిగా గీకాల్సిందే, లేకపోతే ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) ఆ సున్నంతో సహా పొరలు పొరలుగా ఊడొస్తుంది. నల్లటి పాకుడుకు బ్లీచింగ్ పౌడర్ నీళ్ళు చాలు. అందులో యాసిడ్ మాత్రం కలపొద్దు, విషవాయువు పుడుతుంది. పాత ఆయిల్ పెయింట్ ఉంటే గీకే పని పెద్దవాళ్ళే మాస్కు పెట్టుకుని, తడిపి చేయాలి. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాలకు 90) దాటకూడదన్న నియమం 2017 నవంబరులోగానీ అమల్లోకి రాలేదు. అంతకుముందు వేసిన పూతను పిల్లలు ఎండుగా గీకితే ఆ దుమ్ము ఊపిరితో లోపలికి పోతుంది.

అనుమతి నోటిమాటగా వద్దు. బహిరంగ స్థలాలను పాడుచేయడం మీద తమిళనాడులో 1959 నుంచే చట్టముంది. హెడ్మాస్టరు సంతకం, కార్పొరేషన్ జోన్ ఆఫీసు ముద్ర ఉన్న కాగితానికి నకలు తీసి, పని జరిగే రోజుల్లో చేతిలో ఉంచుకోండి. వీధిలోని అన్ని పార్టీల వాళ్ళకూ ప్రైమర్ వేయకముందే చెప్పండి. ఎన్నికలకు గోడలు ముందే పట్టుకునే ఊరిది.

ఇక పిల్లలు. తెల్ల పావురం, భూగోళం, కలిపిన చేతులు వేయించకండి. అవి ఏ ఊరి గోడ మీదైనా ఒకటే, రెండు వీధుల్లో ఎవరివీ కావు. మూడు ఆదివారాలు రెండేసి గంటలు కూర్చోబెట్టండి. మొదటి వారం ప్రతి ఒక్కరూ తమ పేట పటం గీయాలి: ఎక్కడ ఆడతారు, ఎక్కడికి వెళ్ళాలంటే భయం. రెండో వారం ఆ కాగితాలన్నీ నేల మీద పరచండి. రెండు వీధుల వాళ్ళూ గీసిన చోటు ఒకటో రెండో తప్పకుండా దొరుకుతాయి. అది నీళ్ళ పంపు కావచ్చు, క్యారమ్స్ బల్ల కావచ్చు, అదే మీ బొమ్మ. మూడో వారం గోడను చదరాలుగా పంచి, ఒక్కో భాగానికి ఈ వీధి నుంచి కనీసం ఒకరు, ఆ వీధి నుంచి కనీసం ఒకరు కలిసి ఉండేలా చూడండి. ఎవరి వీధి వాళ్ళకే ఒక సగం ఇస్తే గోడ మధ్య కూడా సరిహద్దు గీసినట్టే అవుతుంది.

నాయకుల ముఖాలు వద్దు. రెండు మూడు రంగుల వెడల్పాటి పట్టీలు పక్కపక్కన పడకుండా చూసుకోండి. దూరం నుంచి పార్టీ జెండాలా కనిపిస్తే గొడవ అక్కడే మొదలవుతుంది. మన తెలుగు కుటుంబాలు పారిశుద్ధ్య పనిలో ఉన్న పేట అయితే పిల్లలు ఆ పనిని గీస్తామంటారు, గీయనివ్వండి. జాలి పుట్టించేలా కాకుండా చేతొడుగులు, బూట్లు, తోపుడు బండి సరిగ్గా కనిపించేలా వేయించండి. నినాదానికి బదులు నిజం రాయండి: రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు గొట్టంలోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం, అలాంటి చావుకు పరిహారం 30 లక్షలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. నిజమైన మనిషి ముఖం గీయాలంటే ముందుగా ఆయన ఒప్పుకోలు తీసుకోండి.

తమిళ అక్షరాలు నాలుగు అంగుళాల ఎత్తు, తెలుగువి ఐదు ఉండాలి. అంతకంటే చిన్నగా రాస్తే తెలుగు ఒత్తులు రంగుతో పూడిపోతాయి. తమిళంలో ల, ళ తేడాలు బడిలోని తమిళం టీచరుకు చూపించాకే గోడకెక్కించండి.

సామాను విషయానికొస్తే 240 చదరపు అడుగుల గరుకు గోడకు బయటి గోడల యాక్రిలిక్ ప్రైమర్ 4 లీటర్లు, తెల్ల ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ (బయటి గోడలకు నీళ్ళతో కలిపి వేసే రంగు) రెండు పూతలకు 6 లీటర్లు పడుతుంది. బొమ్మకు ఆరు రంగులు లీటరు చొప్పున తీసుకోండి. డిస్టెంపర్ వద్దు, మొదటి వానకే పొడి రాలుతుంది. లేత రంగులు తెల్ల ఎమల్షన్‌లో స్టెయినర్ (చిన్న సీసాల్లో దొరికే చిక్కటి రంగు) కలిపి చేసుకోవచ్చు, లీటరుకు 30 మి.లీ. దాటితే రంగు సరిగ్గా ఆరదు, వేలికి అంటుతుంది. ముదురు రంగులు కొట్లోనే మిషన్ మీద కలిపించండి. పడమటి ఎండ తగిలే గోడైతే ఎరుపు, పసుపు ఆక్సైడ్ రంగులే నిలుస్తాయి. అడుగున ఒక అడుగు మేర అరుగుకు జాజు పూసినట్టు రెడ్ ఆక్సైడ్ పట్టీ వేయండి, వాన చిందే బురద దానిమీద కనిపించదు.

కాగితం మీది బొమ్మను గోడ మీదికి ఎక్కించడానికి చుక్కల ముగ్గే మంచి దారి. కాగితం మీద అంగుళానికొక చుక్క, గోడ మీద అడుగుకొక చుక్క సుద్దతో. గీతల గళ్ళయితే రంగు కిందనుంచి తొంగిచూస్తాయి. ముగ్గు వచ్చిన పిల్ల పది నిమిషాల్లో మిగతావాళ్ళకు నేర్పేస్తుంది.

పొంగల్ దాటాక, పరీక్షలకు ముందు రెండు వారాంతాలు పెట్టుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈ పని వద్దే వద్దు. ఉదయం ఆరున్నర నుంచి పది, సాయంత్రం నాలుగు నుంచి ఆరు. మధ్యాహ్నం కాలిన గోడ మీద రంగు బ్రష్ కిందే ఆరిపోయి అతుకులు పడతాయి. పూతకూ పూతకూ నాలుగు గంటలు ఆగాలి. ఐదడుగుల ఎత్తుకు పైనున్న భాగం పెద్దవాళ్ళది, పిల్లలు నిచ్చెన ఎక్కకూడదు. బ్రష్‌లు కడిగిన నీళ్ళు వాన కాలువలో పోయొద్దు, బకెట్లో తేరనిచ్చి అడుగున మిగిలిన రంగును ఎండబెట్టి చెత్తలో వేయండి.

ప్రతి రంగూ 100 మి.లీ. సీసాలో దాచి, ఏది ఎంత కలిపారో చీటీ అంటించండి. పోస్టరు అంటిస్తే నీళ్ళతో నానబెట్టి తీసి, అదే రంగుతో అతుకు వేయొచ్చు. సీసాలు ఒక వీధిలో, కలిపే లెక్కల పుస్తకం రెండో వీధిలో ఉంచండి. అతుకు వేయాలన్నప్పుడల్లా రెండు వీధుల పిల్లలూ ఒకరి గుమ్మానికి ఒకరు వెళ్తారు.