మిలట్రీవారి ఇంటి కథ రాస్తున్న అమ్మాయికి

పాలకొల్లు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథా, దానితోపాటు పంపిన ప్రశ్నల కాగితమూ పోయిన వారం అందాయి. మా అమ్మాయికన్నా చిన్నదానివి కనుక నువ్వు అనే రాస్తున్నాను, మరోలా అనుకోవద్దు. భాష శుభ్రంగా ఉంది. ఆ మెప్పు ఇంతటితో చాలు. కథ చదువుతూ రెండుచోట్ల ఆగాను, ఒకచోట ఒళ్ళు మండి, ఇంకొకచోట గొంతు పట్టేసి. ఆ రెండో చోటే లేకపోతే ఈ ఉత్తరం రాసేదాన్నే కాదు.

మంట సంగతి ముందు చెప్పేస్తాను. కార్గిల్‌లో పోరాడి, పింఛను పుచ్చుకుని, అమలాపురంలో ఒక బ్యాంకు గుమ్మం ముందు తుపాకితో కాపలా కాస్తున్న హవల్దారుకు నువ్వు పరమవీర చక్ర ఇచ్చేశావు. 1999 నాటి ఆ యుద్ధంలో పరమవీర చక్ర వచ్చింది నలుగురికే: విక్రమ్ బత్రా, మనోజ్ కుమార్ పాండే, యోగేంద్ర సింగ్ యాదవ్, సంజయ్ కుమార్. మొదటి ఇద్దరికీ మరణానంతరం ఇచ్చారు. అయిదోదాన్ని నువ్వు కోనసీమకు తెచ్చిపెట్టావు. మామూలు జవాను పెట్టెలో ఉండేది సైన్య సేవా పతకం, 9 ఏళ్ళ దీర్ఘ సేవా పతకం, ఆ రోజుల్లో ఆ కొండల మీద ఉన్నవాడైతే ఆపరేషన్ విజయ్ స్టార్. పోనీ, పతకం పేరు దిద్దుకోవచ్చు. వచ్చిన సంబంధాలన్నీ కాదంటున్న కూతురు ఆ పెట్టె తెరిచి, పతకం చూసి, ఏడ్చి, మర్నాడే ఒక జవానును చేసుకోవడానికి ఒప్పుకోవడాన్ని మాత్రం ఎలా దిద్దుతావో నాకు తెలియదు. పతకం చూసి పెళ్ళికి తలూపిన ఆడపిల్లను నా ఎరికలో చూడలేదు.

రెండో చోటు నాలుగో పేజీలో ఉంది. నువ్వు పెద్దగా పట్టించుకోకుండా ఒక్క వాక్యంలో రాసి దాటేశావు. తండ్రి సైన్యం నుంచి పూర్తిగా వచ్చేసిన రాత్రి, తల్లి దుప్పటీ తలగడా చంకలో పెట్టుకుని, తన పక్క ఇక ఎక్కడ వేసుకోవాలో తేల్చుకోలేక నడవలో నిలబడిపోయింది. నిద్ర నటిస్తున్న కూతురు అది చూసింది. ఇన్నేళ్ళ కాపురం తరవాత ఒక ఇల్లాలికి తన ఇంట్లో తన పక్క ఎక్కడో తెలియలేదంటే, ఆ పిల్ల పెళ్ళి మాట ఎత్తితే మొహం తిప్పుకోవడానికి ఇంకేం కావాలి? నువ్వేమో అక్కడ ఆగక తండ్రి పెట్టె వెంట పడ్డావు.

ఈ విషయంలో నాకొక పట్టుదల ఉంది, చాదస్తమన్నా సరే. సైనికుడి బిడ్డలు పెళ్ళి గురించి ఏమనుకుంటారో తండ్రి ఇంట్లో లేని ఏళ్ళు తేల్చవు. ఆయన తిరిగివచ్చాక ఆ ఆలుమగలు ఒకే కప్పు కింద ఎలా సర్దుకున్నారు, ఆ సర్దుబాటు జరిగేనాటికి ఏ బిడ్డకు ఎన్నేళ్ళు అన్నవే తేలుస్తాయి. సరిహద్దునీ మంచునీ తుపాకినీ కథలోంచి తీసేసినా పోయేదేమీ లేదు. ఆ వయసులు తీసేస్తే కథ నిలవదు.

నీ హవల్దారు కాలపు లెక్క వేసి చూడు. జవాను 18, 20 ఏళ్ళ వయసులో చేరతాడు. పింఛను రావాలంటే కనీసం 15 ఏళ్ళు చెయ్యాలి. చాలామంది మరి రెండు మూడేళ్ళు చేసి, నలభై నిండకుండానే ఇంటికి వచ్చేస్తారు. ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ లీవు; అన్నీ మంజూరైనా ఏడాదిలో పావు వంతు, అందులో కొంత రైలు ప్రయాణానికే సరి. ఫీల్డులో, అంటే సరిహద్దు వైపు డ్యూటీలో, ఉన్నంతకాలం భార్యాబిడ్డలను తీసుకువెళ్ళే వీలు లేదు. పీస్ స్టేషన్‌కు, అంటే లోపలి కంటోన్మెంటుకు, వచ్చాక కూడా ఫ్యామిలీ క్వార్టరు వంతు వస్తేనే. అంటే, ముందు ఇంకా ముప్పై ఏళ్ళ కాపురం మిగిలి ఉన్న మనిషి దాదాపు కొత్తవాడిగా గుమ్మంలో అడుగుపెడతాడు, ఆ సంసారానికి అప్పటికే ఒక యజమానురాలు ఉంటుంది.

మా నాన్నగారు 1973లో వచ్చేశారు. అంతకుముందు ఆయన మాకు 99 ఏపీఓ అనే సైనిక తపాలా చిరునామా, నెలనెలా మనియార్డరు, తెల్లరంగుతో పేరూ నెంబరూ రాసిన నల్ల ట్రంకు పెట్టె. ఆయన లేని ఏళ్ళలో పొలం కౌలుకిచ్చిందీ, బోదె నీళ్ళ వంతు కోసం కాలువ లస్కరుతో మాట్లాడిందీ, సార్వా పంటకి ఎన్ని బస్తాలు కొలవాలో, దాళ్వా అనే రెండో పంటకి ఎన్ని కొలవాలో తేల్చిందీ అమ్మే. పద్దు పుస్తకం మండువాలో దూలం సందున ఉండేది. నాన్న వచ్చిన నెలలోనే కౌలుదారు వచ్చి, ఎప్పటిలాగే అరుగు కింద నిలబడి, అమ్మ అక్కడే కూరలు తరుగుతుంటే ఆమె తల మీదుగా నాన్నను అడిగాడు, “హవల్దారుగారూ, ఈ దాళ్వాకి ఎన్ని బస్తాలు కొలవమంటారు?” అని. నాన్న ఒకసారి అమ్మ వైపు చూసి, తనే ఒక అంకె చెప్పేశారు. అది అమ్మ పోయినేడు పట్టిన అంకెకన్నా తక్కువ. అమ్మ కత్తిపీట పక్కకు వాల్చి, లేచి, దూలం సందులోంచి పుస్తకం తీసి ఆయన ముందు పెట్టి, మళ్ళీ వచ్చి కూరలు తరగడానికి కూర్చుంది. ఆ పుస్తకం ఆమె మళ్ళీ ముట్టుకోలేదు. ఆయన అడిగినా ముట్టుకోలేదు.

అప్పటికి అక్కకు 17, నాకు 12, తమ్ముడికి 6. ఒకే ఇల్లు, ఒకే తల్లిదండ్రులు. అయినా ముగ్గురం మూడు రకాలుగా తయారయ్యాం. అక్క అప్పటికే అమ్మ కుడిభుజంగా పెరిగిన పిల్ల. నాన్న గోడకు అంటించిన వేళల పట్టికను ఆమె ఒక్కరోజు కూడా పాటించలేదు, సంబంధాలు చూడటం మొదలుపెట్టగానే ఓడ ఉద్యోగం చేసేవాణ్ణి ఏరికోరి చేసుకుంది. మేమంతా ఆశ్చర్యపోతే, ఇంట్లో లేనివాడి భార్యగా ఎలా నెగ్గుకురావాలో తనకు తెలుసునని, ఇంట్లో ఉన్నవాడితో ఎలాగో నేర్పినవాళ్ళు లేరని చెప్పింది. తమ్ముడికి నాన్న ఎప్పుడూ ఇంట్లోనే ఉన్న మనిషి. ఆ పుస్తకం సంగతి చెబితే ఇప్పటికీ నమ్మడు, పెళ్ళికి భయపడనూ లేదు. మధ్యదాన్ని నేను. రెండు రకాల ఇంటినీ చూసినదాన్ని గనక పెళ్ళి మాట వస్తే చాలాకాలం వాయిదా వేయించాను, చివరకు 1982లో ఒక బడిపంతులుగారి భార్యనై ఈ ఊరు వచ్చాను.

ఇక్కడ నాకు ఎదురైన చిక్కు నీ కథకు పనికివస్తుంది కనుక చెబుతాను. మా చిన్నతనంలో నాన్న ఇంట్లో ఉన్నారంటే పండగ. సెలవు మీద వచ్చిన నాటి నుంచి బండెక్కే నాటి వరకు పనసపొట్టు కూర, పూర్ణాలు, గారెలు. మగమనిషి ఇంట్లో ఉండటమంటే అదేనని నా మనసులో స్థిరపడిపోయింది. ఈయనేమో రోజూ సాయంత్రానికి ఇంటికి వచ్చే మనిషి. నేను రోజూ వంటింట్లో తిరునాళ్ళు చేశాను. కొన్నాళ్ళు చూసి మా అత్తగారు నా చేతిలోంచి గరిటె పుచ్చుకుని, “అమ్మాయీ, వాడు రేపూ ఇక్కడే ఉంటాడు, ఎల్లుండీ ఇక్కడే ఉంటాడు. పప్పుచారు చాలు,” అన్నారు. నీ కథలోని కూతురికి ఇటువంటి చిక్కొకటి ఉండాలి, పైకి నవ్వు తెప్పించేదే అయినా ఫరవాలేదు.

ఊరు సంగతి కూడా నువ్వు తేల్చలేదు. తాడేపల్లిగూడెం పక్కనున్న మాధవరాన్ని మిలటరీ మాధవరమనే పిలుస్తారు. ప్రపంచ యుద్ధాల కాలం నుంచి తరం వెంట తరం సైన్యానికి వెళ్ళిన ఊరు. అటువంటిచోట సెలవు మీద వచ్చిన అల్లుడు వింత కాదు, మొగుడు దూరాన ఉన్న కోడలి మీద ప్రత్యేకంగా ఎవరి చూపూ పడదు, రిటైరై వచ్చినవాడికి అరుగు మీద తనలాంటివాళ్ళు దొరుకుతారు. మా ఊళ్ళో మిలట్రీ కొంప మాదొక్కటే. అమ్మ కొత్త చీర కట్టినా వార్తే, కట్టకపోయినా వార్తే. అక్కడి పిల్లలూ మేమూ పెళ్ళిని ఒకేలా చూడలేం. అమలాపురంలో ఆ కుటుంబం ఒంటరిదా, చుట్టూ చుట్టపక్కాలున్నదా? ఇప్పుడక్కడ గల్ఫ్ వెళ్ళిన తల్లులున్న ఇళ్ళు ఎన్నో ఉన్నాయి గనక నీ హవల్దారు భార్యకు తోడు దొరికే ఉండాలి. కనుక్కుని రాయి.

త్యాగం గురించి నువ్వు రాసిన రెండు పేజీలు చూసి నాకు పాత సంగతి గుర్తొచ్చింది. పద్దు పుస్తకం సంగతే నా మొదటి కథ. అప్పట్లో బాగా చెలామణి అవుతున్న ఒక వారపత్రికకు పంపితే, సైనికుడి ఇంటి కథలో త్యాగం కనిపించాలి, బస్తాల లెక్క కాదు, తండ్రిని సరిహద్దులో చంపితే ఆగస్టు సంచికకు పనికివస్తుంది అని సంపాదకుడు ఎర్రసిరాతో రాసి తిప్పి పంపాడు. మా నాన్న అప్పుడు పెరట్లో అరటిచెట్లకు నీళ్ళు పెడుతున్నారు. ఆయన్ని చంపడం నావల్ల కాలేదు, ఆ పత్రికలో నా పేరు ఏనాడూ రాలేదు. ఇప్పుడు త్యాగం కాస్త వెనకబడి, పీడకలల ఫ్యాషన్ వచ్చింది. మాజీ సైనికుడనగానే అర్ధరాత్రి కేక వేసి లేవాలి, కూతురు అది చూసి మగవాళ్ళంటే బెదరాలి. అలా నలిగిపోయినవాళ్ళు నిజంగానే ఉన్నారు, వాళ్ళ బాధ చిన్నది కాదు. కానీ రాయదలుచుకుంటే కేక మాత్రమే రాసి ఊరుకోకు. తెల్లవారి కాఫీల దగ్గర ఆ ఇంట్లో ఒక్కరూ దాని ఊసెత్తకుండా ఎలా మెలిగారో రాయి. పిల్లలు నేర్చుకునేది అక్కడ.

పెళ్ళంటే కాగితం కూడాననే సంగతి మా ఇంట్లో తమ్ముడు నేర్చుకున్నాడు. జవాను పెళ్ళి సైన్యం లెక్కల్లోకి పార్ట్ టూ ఆర్డరుగా ఎక్కుతుంది. ఆ కాగితంలో ఉన్న పేరుకే కుటుంబ పింఛను. నాన్న పోయాక అమ్మ పేరు అక్కడొక తీరుగా, రేషన్ కార్డులో ఇంకొక తీరుగా ఉందని తేలింది. ఆయన భార్యనేనని అమ్మ రుజువు చేసుకోవలసి వచ్చింది. అఫిడవిట్లు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగినవాడు తమ్ముడు. తన పెళ్ళయిన వారంలోనే, మా వైపు అది ఇంకా అలవాటు కాని రోజుల్లో, మరదలిని వెంటబెట్టుకుని రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళి పెళ్ళి నమోదు చేయించి, ఆ పిల్ల పేరు అక్షరం అక్షరం సరిచూసుకున్నాడు. వాళ్ళత్తగారు నొచ్చుకున్నారు, మా పిల్ల మీద నమ్మకం లేదా అని. ప్రేమంతా ఆ సరిచూసుకోవడంలోనే ఉందని ఆవిడకు అర్థం కావడానికి కొన్నేళ్ళు పట్టింది.

నీ కథలోని పిల్ల జవానును చేసుకోవడమే ముగింపు కావాలంటే ఒక సంగతి ఆలోచించు. 2022లో అగ్నిపథ్ అనే కొత్త భర్తీ పద్ధతి వచ్చాక, సిపాయిగా చేరేవాడు నాలుగేళ్ళ అగ్నివీరుడు. ఏడాదికి సెలవు 30 రోజులు, పింఛను లేదు, నాలుగేళ్ళ తరవాత రెగ్యులరుగా తీసుకునేది 25 శాతం వరకే. మిలట్రీ సంబంధమంటే పింఛనూ క్యాంటీనూ చూసి పిల్లనిచ్చిన ఇళ్ళలో ఇప్పుడు మధ్యవర్తిని మొదట అడుగుతున్నది ఆ నాలుగేళ్ళ తరవాతి సంగతే. నీ హవల్దారు తన కూతురికి వచ్చిన అటువంటి సంబంధాన్ని ఏ కళ్ళతో చూస్తాడు? ఆయన భార్య ఏమంటుంది? కథంతటిలో ఆ తల్లిని పెళ్ళి గురించి అడిగినవారు ఒక్కరూ లేరు, కూతురితో సహా.

కలం పేరు, కథల పోటీలు, ఏ పత్రికకు పంపితే త్వరగా వేస్తారు అన్న ప్రశ్నలకు నా దగ్గర జవాబుల్లేవు. యాసలో రాయవచ్చా అని అడిగావు. తల్లి మాటల వరకు రాయి, మిగతాది తరవాత చూద్దాం. కథ తిరగరాసేటప్పుడు తండ్రి ఏ ఏట చేరాడో, ఏ ఏట వచ్చేశాడో, అప్పటికి పిల్లకు ఎన్నేళ్ళో మొదటి పేజీలోనే తెలియాలి. ఈ నెలాఖరుకు నాకు కంటి ఆపరేషన్ ఉంది. ఆ తరవాత పంపు, పెద్ద అక్షరాలతో, కాగితానికి ఒకవైపే రాసి.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ వరుస మనిషి