అనుమానం వచ్చిందని సిగ్గుపడకు

తిరుపతి

చిన్నీ,

నువ్వు పంపిన పొడుగాటి మెసేజ్ చదివాను. ధ్యాన కేంద్రానికి వెళ్లడం మొదలుపెట్టాక మనసు తేలికపడిందన్నావు, చాలా సంతోషం. రాత్రిపూట ఫోన్ పక్కన పడేసి కాసేపు ఊరికే కూర్చోవడం అలవాటైందన్నావు, అదీ మంచిదే. చివర్లో రాసిన నాలుగు ముక్కలే నన్ను స్థిమితంగా ఉండనివ్వలేదు. గురువుగారి మాటలు కొన్ని నీకు మింగుడుపడలేదనీ, ఆ మాట పైకి అంటే "అది నీ అహంకారం, దాన్ని వదిలితేనే పైమెట్టు" అన్నారనీ, పెద్ద కోర్సుకి డబ్బు ఆదివారం లోపల కట్టేయమన్నారనీ రాశావు. "నాలో శ్రద్ధ తక్కువేమో పెద్దమ్మా" అనీ రాశావు. ఆ ఒక్క మాట కోసమే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

శ్రద్ధ ఉంది కాబట్టే నీకు అనుమానం వచ్చింది తల్లీ. పట్టనివాళ్లకి ఏ అనుమానమూ రాదు. మన తిరుపతిలో బస్సు దిగిన యాత్రికుణ్ణి ఎవరో ఒక దళారి పట్టుకుని "స్పెషల్ దర్శనం ఇప్పిస్తా" అంటే, ఊరివాళ్లం మనం ఏం చెప్తాం? ముందు టికెట్ చూడు, దాని మీద నీ పేరుందో లేదో చూడు, అప్పుడు డబ్బియ్యి అంటాం. అలా చూసుకున్నవాడికి స్వామి మీద భక్తి లేదని ఎవరూ అనరు. నీ విషయంలోనూ నేను చెప్పేది ఇంతే.

"సంశయాత్మా వినశ్యతి" అని అక్కడ నీకు శ్లోకం కూడా వినిపించారట. అది గీతలో నాలుగో అధ్యాయం, 40వ శ్లోకంలోది. ఇంట్లో గీత ఉంటుంది కదా, తీసి ఆరు శ్లోకాలు వెనక్కి వెళ్లు. 34వ శ్లోకంలో జ్ఞానాన్ని ఎలా సంపాదించాలో చెప్తూ కృష్ణుడు "ప్రణిపాతేన పరిప్రశ్నేన సేవయా" అన్నాడు. నమస్కరించు, గుచ్చి గుచ్చి అడుగు, సేవ చెయ్యి అని. నమస్కారానికీ సేవకీ మధ్యన ప్రశ్నని కూర్చోబెట్టాడు చూడు. ఇప్పుడు 40 దాటి రెండు శ్లోకాలు ముందుకెళ్లు. సంశయాన్ని జ్ఞానమనే కత్తితో నరకమంటాడు. నోరు మూసుకుని లోపలికి మింగెయ్యమని ఎక్కడా అనలేదు. 40వ శ్లోకంలో చెడిపోతాడన్నది తెలుసుకోనివాడి గురించీ, శ్రద్ధ లేనివాడి గురించీ, ఎటూ తేల్చుకోకుండా ఉండిపోయేవాడి గురించీ. అలాంటివాళ్లు మన చుట్టాల్లోనూ ఉన్నారు. ఏళ్ల తరబడి "అంతా బూటకం" అంటారే గానీ, ఒక్కపూట కళ్లు మూసుకుని కూర్చుని చూసింది లేదు. వాళ్లదీ గుడ్డినమ్మకమేనని నా అభిప్రాయం. నువ్వు ఆ దారిలోకీ వెళ్లొద్దు. అనుమానం వస్తే దాని వెంట నడిచి, ఏదో ఒకటి తేల్చుకునే దాకా వెళ్లు.

అనుమానం అనగానే అందరూ దాన్ని గురువు మీదికి తిప్పుతారు. ముందు నీ అనుభవం మీదికి తిప్పమంటాను నేను. వేగంగా ఊపిరి పీల్చి వదిలే సాధన చేయించాక వేళ్లు తిమ్మిరెక్కాయనీ, పెదవుల చుట్టూ జివ్వుమందనీ, తల తేలిపోయి కళ్ల ముందు వెలుగు కనపడిందనీ రాశావు. శక్తి ప్రవేశించింది అన్నారట. అన్నేళ్లు హైస్కూల్లో బయాలజీ చెప్పినదాన్ని కదా, నాకు తెలిసింది చెప్తాను. అవసరానికి మించి వేగంగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. అది తగ్గితే మెదడుకి వెళ్లే రక్తనాళాలు కుంచించుకుని తల తిరుగుతుంది. రక్తంలో ఆమ్లగుణం తగ్గి, నరాలకి అందే కాల్షియంలో తేడా వచ్చి, వేళ్లూ పెదవులూ తిమ్మిరెక్కుతాయి. పరీక్ష హాల్లో టెన్షన్‌తో రొప్పే పిల్లలకి ఇదే జరగడం చూశాను. కళ్లు మూసుకున్నప్పుడు రంగులూ మెరుపులూ కనపడటం కూడా కంటికీ మెదడుకీ మామూలే, గట్టిగా నులుముకున్నా కనపడతాయి.

అందుకని నీ అనుభవం అబద్ధం అనడం లేదు. నువ్వు చూసింది చూశావు, దానికి వాళ్లు పెట్టిన పేరు దగ్గరే నాకు పేచీ. పరీక్షించుకోవడం కష్టమేమీ కాదు. వేగపు శ్వాస మానేసి, కొన్నాళ్లు మామూలు శ్వాసతోనే కూర్చో. తిమ్మిరీ వెలుగూ రాకపోతే అవి ఊపిరి చేసిన పనే అనుకోవచ్చు. అవి రాకపోయినా మనసు నెమ్మదిగా ఉంటే, ఆ నెమ్మది ఎవరి కోర్సుతోనూ ముడిపడి లేదని తెలుస్తుంది. ఇంకోమాట. మూర్ఛ, గుండెజబ్బు ఉన్నవాళ్లూ, గర్భిణులూ డాక్టర్‌ని అడగకుండా ఆ శ్వాసలు చెయ్యకూడదు, అక్కడికొచ్చే నీ స్నేహితురాళ్లకి చెప్పు. ధ్యానం మొదలెట్టాక రాత్రులు నిద్ర పట్టకపోయినా, ఎవరో మాట్లాడుతున్నట్టు వినపడినా వెంటనే ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. దాన్ని ఉన్నత స్థితి అని ఎవరన్నా సరే.

ఇది నా సొంత కవిత్వం అనుకోకు. పతంజలి యోగసూత్రాల్లో, మొదటి పాదం 30వ సూత్రంలో, సాధనకి అడ్డుపడేవి తొమ్మిది చెప్పాడు. వాటిలో సంశయం ఉంది, నిజమే. అదే సూత్రంలో భ్రాంతిదర్శనం కూడా ఉంది, అంటే ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకోవడం. మీ కేంద్రంలో మొదటిది చెప్పి రెండోది వదిలేశారు.

ఇక గురువు సంగతి. ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు పిప్పలాదుడి దగ్గరికి వెళ్తారు. ఆయన ఏమంటాడో తెలుసా? ఒక ఏడాది ఇక్కడ ఉండండి, తర్వాత మీకు కావలసింది అడగండి, మాకు తెలిస్తే అంతా చెప్తాం అంటాడు. "తెలిస్తే" అన్నాడు ఋషి! నాకు ఆ మాట ఎంత ఇష్టమో చెప్పలేను. ఏడాది పాటు ఆయన్ని దగ్గర నుంచి చూసే వీలు వాళ్లకి ఇచ్చాడు, ప్రశ్నకి చోటిచ్చాడు, తనకి తెలియకపోవచ్చు అనీ ఒప్పుకున్నాడు. నీకేమో ఆదివారం దాకానే గడువు పెట్టారు.

కాబట్టి మీ గురువుగారి దగ్గర ఏదో ఒక ప్రశ్నకి "నాకు తెలియదు" అన్న జవాబు ఎప్పుడైనా విన్నావా, గుర్తు తెచ్చుకో. కట్టిన డబ్బుకి రసీదు ఇస్తారా, లెక్కలు ఎవరు చూస్తారు, అడుగు. కేంద్రం మానేసినవాళ్లు ఇద్దరు ముగ్గురితో మాట్లాడు. వాళ్ల గురించి అక్కడివాళ్లు గౌరవంగా మాట్లాడుతున్నారా, "కర్మ అడ్డొచ్చింది" అని తీసిపారేస్తున్నారా గమనించు. మందులు మానెయ్యమన్నా, అమ్మతో మాటలు తగ్గించమన్నా, ఇంట్లో చెప్పకుండా సంతకం పెట్టమన్నా ఇంకేమీ పరీక్షించక్కర్లేదు, వచ్చెయ్యి.

ప్రశ్నించడం మన ప్రాంతానికి కొత్త కాదు. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని జగద్గురువు కాబోతున్నాడని దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) పెద్దలు పెంచారు, 1911లో ఆయన కోసం ఒక సంస్థే పెట్టారు. ఆయన 1929లో హాలండ్‌లో దాన్ని తనే రద్దు చేశాడు, వచ్చిన ఆస్తుల్ని ఇచ్చినవాళ్లకే తిరిగి అప్పగించాడు. అంతకు చాలా ముందే వెంకన్న భక్తురాలు, కవయిత్రి తరిగొండ వెంగమాంబ ఉంది. భర్త పోయాక జుట్టు తీయించుకోవాలనీ బొట్టు చెరుపుకోవాలనీ ఊరంతా పట్టుబడితే ఒప్పుకోలేదనీ, పీఠాధిపతికే ఎదురు జవాబు చెప్పిందనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కథలోని మహిమల్ని ఎవరిష్టం వాళ్లది అని వదిలేసినా ఆమె ధైర్యం మిగులుతుంది. ఆమెకి భక్తి లేదని ఎవరనగలరు? ఇవాళ తిరుమలలో అన్నప్రసాదం పెట్టే భవనం ఆమె పేరు మీదే ఉంది.

చివరిది రాయడానికి నాకు కష్టంగా ఉంది. పోయిన మీ నాన్న నీతో మాట్లాడాలని చూస్తున్నారనీ, పెద్ద కోర్సులో ఆ తలుపు తెరుచుకుంటుందనీ కేంద్రంలో అన్నారని రాశావు. చిన్నీ, ఆ మాట నిజం కావాలని నాకూ ఉంది. నీకు నాన్నైతే, నాకు తమ్ముడి లాంటి మరిది. కానీ మనం ఏ మాట వినాలని తపిస్తున్నామో సరిగ్గా అదే ఎవరైనా చెప్తే, అక్కడే ఎక్కువ జాగ్రత్తపడాలి. నాన్న పోయి ఏడాది కూడా కాలేదని ఆ కేంద్రంలో వాళ్లకి తెలుసు. దుఃఖంలో ఉన్నవాళ్లకి అలాంటి ఆశ చూపి గడువు పెట్టడం తప్పు, ఎంత గొప్పవాడు చేసినా తప్పే. నాన్న గుర్తొస్తే అమ్మ పక్కన కూర్చుని ఆయన గురించి మాట్లాడు. తను కూడా ఎవరితోనూ చెప్పుకోలేక కుమిలిపోతోంది, ఫోన్‌లో గొంతు వింటేనే తెలుస్తోంది.

ధ్యానం మాత్రం మానకు. ఒక మండలం పాటు ఇంట్లోనే, తెల్లవారుజామున, మామూలు శ్వాసతో కూర్చో. రోజూ రెండు ముక్కలు నోట్‌బుక్‌లో రాసుకో. ఏం కనపడింది అని రాయకు. ఆ రోజు ఎవరి మీద కేకలేశావు, ఎవరి మాట ఓపిగ్గా విన్నావు, నిద్ర పట్టిందా, అవి రాయి. మండలం అయ్యాక నీలో తేడా ఏమైనా కనిపించిందా అని అమ్మని అడుగు. మన గురించి మనకన్నా ఇంట్లోవాళ్లకే బాగా తెలుస్తుంది. తేడా లేదంటే పద్ధతి మార్చుకుందాం.

ఆదివారం డబ్బు కట్టకు. "ఇంట్లో మాట్లాడి చెప్తాను" అని మర్యాదగా ఒక మెసేజ్ పెట్టు, అంతకన్నా సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. వాళ్లిచ్చిన కరపత్రం, ఫారం తీసుకుని శనివారం అమ్మతో కలిసి చిత్తూరు నుంచి పొద్దున బస్సుకి రండి. ముగ్గురం కూర్చుని చదువుదాం. వచ్చేటప్పుడు నాన్న కళ్లద్దాల పెట్టె దొరికితే తెమ్మని అమ్మకి చెప్పు, మొన్న అడిగితే ఎక్కడుందో చూస్తానంది.

మీ పెద్దమ్మ