ముందు హృదయం, తర్వాత మాట

సందేహం: మా సంఘంలో ఆదివారం వాక్యం చదివే బాధ్యత నాది. బైబిలులోని 15వ కీర్తన 2వ వచనంలో ‘హృదయపూర్వకముగా నిజము పలుకువాడే’ అని ఉంది. నిజం పలికితే చాలదా? ‘హృదయపూర్వకముగా’ అన్నది అక్కడ అదనపు మాట కాదా? ‘పూర్వకం’ అన్నా ‘పూర్తి’ అన్నా ఒకటే, ‘మనస్ఫూర్తిగా’ అని చదివినా తేడా లేదని మా స్నేహితుడు అంటాడు. ఆ ‘మనస్ఫూర్తి’లో ఉండాల్సింది పకారమా, ఫకారమా అన్నది మా మధ్య ఇంకో వాదన. తేల్చి చెప్పగలరు.

సమాధానం: మీ మూడు ప్రశ్నల్లో మొదటిదే పెద్దది. కానీ మీ స్నేహితుడి మాటతో మొదలుపెడతాను. ఆ పొరపాటు ఆయన ఒక్కరిదే కాదు, ఇవాళ తెలుగు రాసేవాళ్లలో చాలామందిది.

‘పూర్వకం’ వేరు, ‘పూర్తి’ వేరు. పూర్వం అంటే ముందు. సమాసం చివర ‘పూర్వక’ అని వచ్చిందంటే, దాని ముందున్న పదం చెప్పే పని ముందుగా జరిగిందని, లేదా అది వెంట ఉండి నడిపిస్తోందని అర్థం. బుద్ధిపూర్వకంగా చేశాడంటే బుద్ధి ముందు నడిచింది, చెయ్యి తర్వాత కదిలింది. ఉద్దేశపూర్వకంగా అన్నా అంతే. లిఖితపూర్వకంగా ఇవ్వండి అంటే రాత పూర్తి చేసి ఇవ్వమని ఎవరూ అనుకోరు కదా! నమస్కారపూర్వకంగా రాసిన ఉత్తరంలో ముందు నమస్కారం ఉంటుంది, తర్వాత విషయం. ఈ వరుసలోదే హృదయపూర్వకం. హృదయం ముందుగా కలది. మాట బయటికి రాకముందే హృదయం అక్కడ ఉంది. హృదయం ఒప్పుకున్నాక పెదవి కదిలింది. ‘నిండు హృదయంతో’ అనే అర్థం దీనికి వాడుకలో తర్వాత అంటుకుంది. తప్పనను, కానీ పదం లోపల ఉన్నది వరుస. ఏది ముందు, ఏది తర్వాత అన్న లెక్క.

ఈ లెక్క పోయింది కనకనే ఈ మాట ఇంత పలచబడింది. పండగ వచ్చినా, పుట్టినరోజు వచ్చినా, ఎవరికో పదవి వచ్చినా ‘హృదయపూర్వక శుభాకాంక్షలు’. ఎవరో తయారుచేసిన బొమ్మను ఇంకెవరో పంపితే, చదవకుండానే రెండు వందల మందికి ఫార్వర్డ్ చేస్తున్నాం. వేలు ముందు కదిలింది, హృదయానికి కబురే అందలేదు. అలాంటప్పుడు ‘శుభాకాంక్షలు’ అంటే సరిపోతుంది. ఉన్నంత చెప్పడంలో చిన్నతనం లేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సంతాప సందేశం రాసి మా పెద్దాయనకు చూపించాను. ఆయన ‘హృదయపూర్వక’ దగ్గర వేలు పెట్టి, ‘ఆయన పోయాడని తెలిశాక ఒక్కసారైనా ఊరికే కూర్చుని ఆయన్ని తలుచుకున్నావా?’ అని అడిగారు. తలుచుకోలేదు. ఆ మాట కొట్టేసి ఇచ్చాను. అప్పటినుంచి ఆ పదం రాయబోయే ప్రతిసారీ ఆ ప్రశ్న గుర్తొస్తుంది.

ఇక మీ కీర్తన. ‘యెహోవా, నీ గుడారములో అతిథిగా ఉండదగినవాడెవడు?’ అన్న ప్రశ్నకు ఈ వచనం జవాబు. హీబ్రూ మూలంలో ఇక్కడున్న మాటను ముక్కస్య ముక్కగా దించితే ‘తన హృదయంలో సత్యం పలికేవాడు’ అని వస్తుంది. ‘హృదయంతో’ కాదు, ‘హృదయంలో’. మనిషి ఇతరులతో మాట్లాడకముందే లోపల తనతో తాను మాట్లాడుకుంటాడు. అక్కడ నిజం పలికేవాడే దేవుని గుడారంలో అతిథి అని కీర్తనకారుడి మాట. మన అనువాదకులు దీన్ని ‘హృదయపూర్వకముగా’ అన్నారు. మూలంలో ఉన్నది చోటు, తెలుగులోకి వచ్చింది వరుస. అయినా సారం జారిపోలేదనే నా అభిప్రాయం. హృదయంలో ముందు పలికిన నిజమే హృదయపూర్వకమైన నిజం అవుతుంది కదా.

అది అదనపు మాట కాదా అన్నారు. కాదు. హృదయం లేకుండా కూడా నిజం చెప్పవచ్చు. పక్కవాడి తప్పు ఉన్నదున్నట్టే పదిమందిలో చెప్పి వాణ్ణి కుంగదీయవచ్చు. ప్రతి అక్షరమూ నిజమే, హృదయంలో ఉన్నది మాత్రం పగ. సగం చెప్పి సగం దాచినా చెప్పిన సగం నిజమే. ‘నేను అబద్ధం ఆడలేదు’ అని వాదించేవాడి దగ్గర తరచు దొరికేది ఈ రకం నిజం. ఆ వచనం తలుపు మూసింది ఇలాంటి నిజాలకే.

ఈ విషయం వచ్చినప్పుడల్లా నాకు నన్నయ గుర్తుకొస్తాడు. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో కూర్చుని ఆయన తెలుగు చేసిన ఆదిపర్వంలో ఉదంకుడనే విప్రుడి (బ్రాహ్మణుడి) కథ ఉంది. పౌష్య మహారాజు ఇంట భోజనం చేస్తుంటే అన్నంలో వెంట్రుక కనబడింది. ఉదంకుడు కోపంతో గుడ్డివాడివి కమ్మని రాజును శపించాడు. రాజు నీకు సంతానం లేకుండా పోవాలని తిరిగి శపించాడు. కాసేపటికి ఉదంకుడు శాంతించి, నీ శాపం వెనక్కి తీసుకో అన్నాడు. నావల్ల కాదన్నాడు రాజు. ఎందుకు కాదో చెప్పే పద్యం ఇలా మొదలవుతుంది:

‘నిండుమనంబు నవ్యనవనీతసమానము, పల్కు దారుణాఖండలశస్త్రతుల్యము జగన్నుత! విప్రులయందు, నిక్క మీ రెండును రాజులందు విపరీతము’

విప్రుల మనసు కొత్త వెన్న, పలుకు ఇంద్రుడి వజ్రాయుధం. రాజుల్లో ఈ రెండూ తారుమారు. అంటే పలుకు వెన్న, మనసు వజ్రం. విప్రుడెవరు, రాజెవరు అన్న విభజన ఆనాటిది, దాన్ని పక్కన పెట్టండి. మనుషులు రెండు రకాలు అన్నంత వరకే తీసుకుందాం. మాట కరుకైనా లోపల మెత్తనైనవాడు తన మాటను వెనక్కి తీసుకోగలడు, ఎందుకంటే ఆ కరుకు పెదవి దగ్గరే పుట్టింది. మాట మెత్తనై లోపల గట్టిపడినవాడు తీసుకోలేడు. అతడు మాట మార్చినా మనసు మారదు.

ఇప్పుడు 55వ కీర్తన 21వ వచనం తెరవండి. అక్కడా ఇదే వెన్న. నోటి మాటలు వెన్నలా మృదువుగా ఉన్నాయి, హృదయంలో మాత్రం కలహం ఉంది. మాటలు చమురుకంటే నునుపు, అయినా అవి దూసిన కత్తులు. నన్నయ చెప్పిన రెండో రకం మనిషి ఇక్కడ ఉన్నాడు. అతడు పరాయివాడు కాదు, తనతో కలిసి దేవుని మందిరానికి నడిచిన స్నేహితుడని అదే కీర్తనలో ఉంది. నన్నయ ఈ కీర్తన చదివాడని నేను అనడం లేదు. ఆయనకు మూలమైన వ్యాసభారతంలోనే వెన్న ఉంది, పలుకులో పదునైన మంగలికత్తి ఉంది. నన్నయ ఆ కత్తిని తీసి వజ్రాయుధం పెట్టాడు. అంతకంటే గొప్ప పని ఇంకొకటి చేశాడు. మూలంలో వట్టి ‘హృదయం’ ఉన్నచోట ‘నిండుమనంబు’ అన్నాడు.

ఆ ‘నిండు’ చూడండి. తెలుగులో నిండు కుండ, నిండు చందమామ, నిండు మనిషి. వెలితి లేనిది, పగులు లేనిది. ఇందాక చెప్పిన 15వ కీర్తన వచనంలోనే ‘యథార్థమైన ప్రవర్తన’ అని ఉంది కదా, అక్కడి హీబ్రూ పదం ‘తామీమ్’. దాని అసలు అర్థం వెలితి లేకుండా నిండుగా ఉన్నది. బలికి తెచ్చిన జంతువు ఏ లోపమూ లేకుండా ఉండాలన్నచోట కూడా ఇదే పదం. మన అనువాదకులు ‘యథార్థ’ అన్నారు. యథా, అర్థ కలిసి, ‘విషయం ఎలా ఉందో అలా’ అని. మంచి మాటే. కానీ నన్నయగారి ‘నిండు’ అక్కడ పడి ఉంటే ఇంకా దగ్గరగా ఉండేదని నాకు అనిపిస్తూ ఉంటుంది. ఇంగ్లీషులో ‘ఇంటిగ్రిటీ’ అంటారే, దాని లాటిన్ మూలానికీ ముక్కలు కానిది, మొత్తంగా ఉన్నది అనే అర్థం. మూడు భాషలు ఒకే చోటికి వచ్చి నిలబడ్డాయి. (‘యదార్థం’ అని దకారంతో రాయడం తప్పు. సంఘాల కరపత్రాల్లో ఇది చాలా కనబడుతోంది, దయచేసి దిద్దుకోండి.)

‘నిండు’కు ఎదురు నిలిచేది ‘రెండు’. 12వ కీర్తన 2వ వచనంలో తెలుగు బైబిలు ‘మోసకరమైన మనస్సుగలవారై’ అంటుంది. హీబ్రూలో ఉన్నది ‘ఒక హృదయంతో, ఇంకో హృదయంతో మాట్లాడతారు’ అని. మనం మోసగాడికి రెండు నాలుకలు అంటాం, వాళ్లు రెండు హృదయాలు అన్నారు. బైబిలులోనే యాకోబు పత్రికలో, అంటే ఆయన రాసిన లేఖలో, ‘ద్విమనస్కులారా, మీ హృదయములను పరిశుద్ధపరచుకొనుడి’ అన్నదీ ఇదే రోగానికి. రోగం నాలుకలో కాక లోపల ఉందని ఆ మాటే చెబుతోంది.

హృదయం ఒక్కటైనప్పుడు మాట ఎంత పొట్టిగా ఉంటుందో మత్తయి సువార్త 5వ అధ్యాయంలో ఉంది. ‘మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అని యుండవలెను.’ గ్రీకులో ఉన్నది ‘అవును అవును, కాదు కాదు’ అన్న జంట మాటలే. దాన్ని ‘అవునంటే అవును’ అని తిప్పిన చెయ్యి అచ్చమైన తెలుగు చెయ్యి. అందులో ఇంకో సొగసు ఉంది. మన ‘అవును’ ఉత్త తల ఊపు కాదు, అది క్రియ. ‘అగును’ నుంచి వచ్చింది. ‘కాదు’ అదే క్రియకు వ్యతిరేక రూపం. తెలుగువాడు అవును అన్నాడంటే ‘అది అలా ఔతుంది’ అని పూచీ పడ్డట్టు. అలాంటి మాటను మనం ఏం చేశాం? ఫోన్లో అవతలివాళ్లు చెప్పేది వినకుండానే ‘అవునవును’. వెళ్లే ఉద్దేశం లేని పిలుపుకు ‘తప్పకుండా వస్తాం’. ఇంకా బయల్దేరకుండానే ‘ఆన్ ది వే’. చెప్పేది నమ్మరేమోనని ‘ఒట్టు’, ‘ప్రామిస్’, ‘దేవుడి తోడు’. మాటకు తోడు కావాల్సి వచ్చిందంటే అది ఒంటరిగా నిలబడలేకపోతోందన్నమాట. ‘నిజం చెప్పాలంటే’ అని మొదలుపెట్టే అలవాటు కూడా మానుకోవలసిందే. అంతవరకూ చెప్పినదాని సంగతేమిటని వినేవాడికి అనుమానం వస్తుంది.

విశ్వాసుల మాటల్లో రెండు నన్ను ఎక్కువ బాధపెడతాయి. ఒకటి, ‘మీకోసం ప్రార్థన చేస్తాను’. ఎంతో బరువైన వాగ్దానం. ఫోన్ పెట్టేయడానికి ముందు చెప్పే ముగింపు మాటగా మారిపోయింది. అవతల జబ్బుతో ఉన్న మనిషి దాన్ని నిజంగానే పట్టుకుని నిద్రపోతాడు. చేయగలిగితే ఆ క్షణంలోనే, ఫోన్ మీదే, రెండు మాటలు ప్రార్థించండి. చెప్పడం, చేయడం ఒకటైపోతాయి. రెండోది, ‘ప్రభువు చిత్తమైతే’. యాకోబు ఈ మాట నేర్పింది రేపటి రోజు మన చేతిలో లేదని ఒప్పుకోవడానికి. ‘రాను’ అని చెప్పలేక ‘ప్రభువు చిత్తమైతే వస్తాను’ అనేవాళ్లు తమ చిత్తాన్ని ఆయన మీద వేస్తున్నారు. రాలేకపోతే ‘రాలేను’ అనండి. నొచ్చుకున్నా, తర్వాత మిమ్మల్ని నమ్ముతారు. 15వ కీర్తనలోనే మరి రెండు వచనాలు దాటితే ‘ప్రమాణము చేయగా నష్టము కలిగినను మాట తప్పడు’ అని ఉంది. హృదయంలో నిజం పలికేవాడి గుర్తుల్లో అది కూడా ఒకటి.

మిగిలింది మనస్ఫూర్తి. ‘మనస్ఫూర్తి’ అని ఫకారంతో రాస్తే మనసు స్ఫురణ, మనసులోంచి పుట్టిన ప్రేరణ అని అర్థం చెప్పుకోవచ్చు. మనః, స్ఫూర్తి కలిసినప్పుడు విసర్గ లోపించడానికి వ్యాకరణం ఒప్పుకుంటుంది. మనసు నిండుగా అనే అర్థం కావాలంటే ‘మనఃపూర్తి’ అనాలి. ‘మనస్పూర్తి’ అని పకారంతో రాసేవాళ్లు వాచస్పతి, బృహస్పతి చూపించి సమర్థించుకుంటారు. అవి ప్రత్యేకంగా సిద్ధించిన రూపాలు, అంతఃపురాన్ని ఎవరూ అంతస్పురం అనరు. వాడుక మాత్రం ఫకారం వైపు మొగ్గింది, అర్థం మాత్రం నిండుతనం వైపే ఉంది. నేను ‘మనస్ఫూర్తి’ అనే రాస్తాను. ‘మనఃపూర్తి’ రాసేవాళ్లను దిద్దను. నన్నయ ‘నిండుమనంబు’ వాళ్ల వైపే ఉన్నట్టు నాకు ఒక్కోసారి అనిపిస్తుంది కూడా.

మామూలు సంభాషణలో ‘మనస్ఫూర్తిగా’ హాయిగా వాడండి. కీర్తన చదివేటప్పుడు మాత్రం అచ్చులో ఉన్నది మార్చవద్దు. ‘మనస్ఫూర్తిగా’ అంటే నిండుదనం వస్తుంది గాని, ముందు వెనకల వరుస పోతుంది. చదివే తీరులో ఒక్క సంగతి చూసుకోండి. చాలామంది ‘హృదయపూర్వకముగా నిజము’ అని ఒక్క ఊపులో చదివి, ‘పలుకువాడే’ దగ్గర ఆగుతారు. ‘హృదయపూర్వకముగా’ అని చెప్పి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు ‘నిజము పలుకువాడే’ అనండి.