పర్సు ఆవిడది, కేసు ఆయన పేరు మీద

ప్రశ్న: విక్టోరియా రాణి కాలం నాటి ఇంగ్లండు కథతో ఒక సీరియల్ చూస్తున్నాను. పెళ్లయిన మర్నాటికల్లా హీరోయిన్ డబ్బంతా భర్తదైపోయింది. నిజంగా చట్టం అలాగే ఉండేదా, కథ కోసం కల్పించారా? కూతురికి డబ్బిచ్చిన తండ్రులు ఊరుకునేవారా?
– ఒక పాఠకురాలు

జవాబు: చట్టమేనమ్మా, కల్పన కాదు. లా కాలేజీలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. ఈ పాఠం వచ్చిన రోజు పుస్తకం మూసేసి పర్సు కథ చెప్పేదాన్ని. మిలిసెంట్ ఫాసెట్ అనే ఆవిడ లండన్ వాటర్లూ స్టేషన్‌లో ఉండగా ఒకడు ఆవిడ పర్సు కొట్టేసి దొరికిపోయాడు. తీరా అభియోగపత్రంలో చూస్తే, ఆ పర్సు హెన్రీ ఫాసెట్ సొత్తని రాసి ఉంది. హెన్రీ అంటే ఆవిడ భర్త. దొంగతనం కేసు తన మీదే పెట్టినట్టు అనిపించిందని ఆవిడ తర్వాత చెప్పుకుంది. పాపం, ఆ హెన్రీ పార్లమెంటులో ఆడవాళ్ల హక్కుల తరఫున నిలబడ్డ మనిషి! ఆయన మంచితనంతో చట్టానికి పనిలేదు.

ఒకసారి వెనక బెంచీ కుర్రాడు లేచి, 'అయితే మేడమ్, ఆవిడ తన పర్సు తెరవడానికి కూడా భర్తనడగాలా?' అన్నాడు. క్లాసంతా నవ్వు. 'చట్టప్రకారం చూస్తే అంతే' అన్నాను. నవ్వు ఆగిపోయింది.

పెళ్లితో ఆలుమగలు చట్టం దృష్టిలో ఒకే వ్యక్తి అయిపోతారని బ్లాక్‌స్టోన్ అనే న్యాయపండితుడు 18వ శతాబ్దంలోనే రాసిపెట్టాడు. భార్య భర్త రెక్క కింద ఉంటుందట. ఈ పద్ధతికి కవర్చర్ అని పేరు. అర్ధనారీశ్వరుణ్ణి ఊహించుకునేరు, ఆ ఒక్క వ్యక్తీ భర్తే. భార్య నగదు, సామాను, కూలి డబ్బు అన్నీ అతనివే. భూమిని మాత్రం ఆమె ఒప్పుకోకుండా అమ్మలేడు, కానీ దాని మీద వచ్చే అద్దెలు అతని జేబులోకే. అతను సరేననకపోతే ఆమె వీలునామా కూడా చెల్లదు.

ఇక తండ్రుల సంగతి. ఊరుకోలేదు, అసలు కిటుకంతా అక్కడే ఉంది. డబ్బున్నవాళ్లు పెళ్లికి ముందే లాయర్ని పిలిపించి, కూతురి సొమ్ము ట్రస్టీల చేతిలో పెట్టించేవారు. చాన్సరీ కోర్టు, అంటే మామూలు చట్టానికి అందని చోట న్యాయం చూసే వేరే కోర్టు, దాన్ని ఆమె సొంత ఆస్తిగా కాపాడేది. అంటే అల్లుణ్ణి నమ్మకూడదని ఆ పెద్దమనుషులకు బాగా తెలుసు. లాయరు ఫీజు ఇచ్చుకోలేని చాకలి మనిషికి మాత్రం ఆ దారి లేదు. ఆమె రోజంతా బట్టలుతికి తెచ్చిన డబ్బు భర్త తాగుడుకి పోయినా అడిగే దిక్కులేదు. 1870 చట్టంతో కష్టార్జితం వరకు ఆమె చేతికొచ్చింది. పెళ్లికి ముందు కూడబెట్టుకున్నది కూడా ఆమెదేనని చెప్పడానికి ఇంకో పన్నెండేళ్లు పట్టింది. ఆ 1882 చట్టం 1883 జనవరి 1న అమల్లోకి వచ్చింది.

ప్రశ్న: మరి భర్తకి అన్నీ లాభాలేనా?
– ఒక పాఠకుడు

జవాబు: అన్నీ కాదు. భార్య పెళ్లికి ముందు చేసిన అప్పులు కూడా మొదట్లో అతని నెత్తినే పడేవి. తిండీ బట్టా లాంటి అవసరాలకు ఆమె పెట్టిన బాకీలూ అతనివే. 'రెక్క కింద' అన్నాక ఆ మాత్రం మొయ్యాలి కదండీ!

ప్రశ్న: అంత కష్టమైతే విడాకులు తీసుకోవచ్చుగా?
– మొదటి పాఠకురాలే

జవాబు: 1857 దాకా మళ్లీ పెళ్లికి వీలిచ్చే విడాకులు కావాలంటే మీ ఒక్కరి కోసం పార్లమెంటు ఒక చట్టం చెయ్యాలి. అలా గట్టెక్కిన ఆడవాళ్లు మొత్తం నలుగురు! 1857లో కోర్టు పెట్టారు గానీ, అక్కడా రెండు తూకాలే. భార్య తప్పు చేసిందని, అంటే పరాయి మగవాడితో సంబంధం పెట్టుకుందని రుజువైతే భర్తకి చాలు. భర్త తప్పు చేస్తే మాత్రం భార్య దానికితోడు క్రూరత్వమో, రెండేళ్లు వదిలేసి పోవడమో, రెండో పెళ్లో, ఇంకేదో చూపాలి. ఆ తేడా 1923 దాకా పోలేదు.

కరోలిన్ నార్టన్ అనే ఇంగ్లీషు రచయిత్రి కథ వింటే మీకే అర్థమవుతుంది. 1836లో భర్త జార్జ్ ముగ్గురు కొడుకుల్నీ ఆమెకు దూరం చేశాడు. అప్పటి ప్రధాని మెల్‌బోర్న్‌తో ఆమెకు సంబంధం ఉందని, 10,000 పౌండ్ల పరిహారం ఇమ్మని దావా వేశాడు. కేసు ఇద్దరు మగవాళ్ల మధ్య. పరువు పోయేది ఆమెది, అయినా నోరు విప్పే హక్కు లేదు. జ్యూరీ కేసు కొట్టేసింది. అయినా పిల్లలు తండ్రి దగ్గరే. ఆమె పోరాటం వల్ల 1839లో ఒక చట్టం వచ్చి, ఏడేళ్ల లోపు పిల్లల కోసం తల్లి కోర్టుకెళ్లే వీలు కలిగింది. 1842లో ఆమె చిన్నకొడుకు గుర్రం మీంచి పడి, ఆ దెబ్బతోనే పోయాడు.

తర్వాత జార్జ్ ఆమెకు ఏటా ఇంత ఇస్తానని కాగితం రాసిచ్చి, ఇవ్వడం మానేశాడు. 1853లో అది కోర్టుదాకా వెళితే, ఆ కాగితం చెల్లదన్నారు. ఇద్దరూ ఒకే వ్యక్తి అయినప్పుడు, ఒక మనిషి తనతో తానే ఒప్పందం ఎలా చేసుకుంటాడు? పైగా ఆమె పుస్తకాల మీద వచ్చిన డబ్బు కూడా చట్టప్రకారం అతనిదే.

విడాకులు ఆమెకు చివరిదాకా రాలేదు. 1875లో జార్జ్ చనిపోయాడు. 1877లో పాత స్నేహితుణ్ణి పెళ్లి చేసుకుంది. కొన్ని నెలలకే ఆమె కూడా పోయింది.